సీసా దాటిన చేతులెన్ని?

టీకా పుట్టేదీ హైదరాబాద్‌లోనే, దాని జాడ పట్టే సాఫ్ట్‌వేర్ రాసేదీ హైదరాబాద్‌లోనే. ఈ రెండూ కలవాల్సిన చోటు మాత్రం హైటెక్ సిటీకి చాలా దూరంలో ఉంది.

శామీర్‌పేట దగ్గర జీనోమ్ వ్యాలీలో టీకా సీసాలోకి ఎక్కుతుంది, శంషాబాద్‌లో విమానం ఎక్కుతుంది. నడుమ దారి ఔటర్ రింగ్ రోడ్డు. శీతల వాహనం పడమటి చుట్టున బయల్దేరితే మేడ్చల్, పటాన్‌చెరు, కొల్లూరు దాటి కోకాపేట, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ అద్దాల మేడల పక్కనుంచే సాగుతుంది. ఆ మేడల్లోనూ, వాటికి ఇవతల రాయదుర్గం, మాదాపూర్‌లలోనూ ఎందరో ఇంజినీర్లకు రోజూ సరుకుల లెక్కే పని. ఏ గోదాములో ఎంత ఉంది, ఏ లారీ ఎక్కడ ఆగింది, ఏ ఓడ ఎప్పుడు రేవు చేరుతుంది అన్నదే వాళ్ల తెరల మీద కదులుతుంటుంది. ప్రపంచ టీకాల్లో మూడో వంతు ఈ నగరానివేనని మన ప్రభుత్వాలు గర్వంగా చెబుతుంటాయి. ఆ గర్వానికి పునాది ఉంది. 1953 నాటి బయలాజికల్-ఇ, 1983లో వచ్చిన ఇండియన్ ఇమ్యునలాజికల్స్, 1997లో హెపటైటిస్-బి టీకాను సామాన్యుడికి అందుబాటులోకి తెచ్చిన వరప్రసాద్ రెడ్డి గారి శాంతా బయోటెక్నిక్స్, ఆ తర్వాత రోటావైరస్, టైఫాయిడ్ టీకాలు, కొవాగ్జిన్ ఇచ్చిన భారత్ బయోటెక్, అన్నీ ఇక్కడివే.

అయినా ఆదిలాబాద్ జిల్లాలోని ఒక తండాలో ఆరు వారాల పాప తొడకు ఆరోగ్య కార్యకర్త (ఏఎన్ఎం) టీకా వేసే వేళ, ఆ సీసా ఎన్ని చేతులు దాటి వచ్చింది, ఏ చేతిలో ఎంతసేపు చలి తప్పింది అని తల్లి అడిగిందనుకోండి. తయారీ గది నుంచి తండా దాకా మొత్తం జాడను ఒక్కచోట చూపించడం ఇవాళ్టికీ తేలిక కాదు. ఆ జాడ కోసమే హైదరాబాద్‌లో కొందరు బ్లాక్‌చెయిన్ వైపు చూశారు. బిట్‌కాయిన్ జూదంతో ముడిపడి ఆ మాటకు చెడ్డపేరు వచ్చింది గానీ, ఇక్కడ జరిగిన ప్రయత్నం వేరు. అది ఎక్కడ పనికొచ్చింది, ఎక్కడ పనికిరాదు అన్నది తెలుసుకోవాలంటే ముందు సీసా వెంట నడవాలి.

చలి తప్పితే ముప్పు, మించితే ముప్పు

మన సార్వత్రిక టీకా కార్యక్రమం 1985లో మొదలైంది. ఈ పథకంలోని ఎక్కువ టీకాలు 2 నుంచి 8 డిగ్రీల మధ్యే బతుకుతాయి. కంపెనీ గోదాము నుంచి కేంద్ర డిపో, అక్కడి నుంచి రాష్ట్ర వ్యాక్సిన్ స్టోరు, తర్వాత ప్రాంతీయ, జిల్లా స్టోర్లు, చివరికి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం (పీహెచ్‌సీ). దేశం మొత్తం మీద ఇలాంటి శీతల నిల్వ కేంద్రాలు దాదాపు 29 వేలు. పీహెచ్‌సీలో ఐఎల్ఆర్ ఉంటుంది, అంటే గోడల్లో మంచు పొర ఉండే ఫ్రిజ్జు. కరెంటు పోయినా అది కొన్ని గంటలు చలిని నిలుపుతుంది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి థర్మామీటరు చూసి లాగ్‌బుక్కులో అంకె వేసి సంతకం చేయాలి.

మన రెండు రాష్ట్రాల్లోనూ బుధ, శనివారాలు టీకాల రోజులు. ఆ పొద్దున ఏఎన్ఎం తన టీకా క్యారియర్‌లో నాలుగు ఐస్‌ప్యాకులు సర్దుకుంటుంది. డీప్‌ఫ్రీజర్ నుంచి తీసిన ప్యాకును తీసినట్టే పెట్టకూడదు. దానికి చెమట పట్టాలి, చెవి దగ్గర ఊపితే లోపల నీళ్ల చప్పుడు వినపడాలి. తొందరపడి గట్టి మంచుగడ్డనే పెడితే పెంటావలెంట్, హెపటైటిస్-బి లాంటి టీకాలు గడ్డకట్టి సత్తువ కోల్పోతాయి. ఎండ ఒక్కటే టీకాకు శత్రువని మనం అనుకుంటాం. అతిచలి అంతకంటే గుట్టుగా చంపుతుంది. సీసా మీద వీవీఎం అనే చిన్న గుర్తు ఉంటుంది. 1996లో పోలియో చుక్కలతో మొదలైన ఈ గుర్తులో, లోపలి చతురస్రం చుట్టూ ఉన్న వలయం కంటే లేతగా ఉన్నంతకాలం టీకా వాడొచ్చు. వేడి తగిలేకొద్దీ చతురస్రం నల్లబడుతుంది. గడ్డకట్టి కరిగిన సీసా మీద మాత్రం ఆ గుర్తు ఏ మార్పూ చూపదు. చూడ్డానికి మంచి సీసాలాగే ఉంటుంది.

ఇంత సున్నితమైన సరుకు, చేయి మారిన ప్రతిచోటా ఒక కొత్త పుస్తకంలోకి దిగుతుంది. కంపెనీ కంప్యూటర్లో ఒక లెక్క, రవాణా సంస్థ పెట్టెలో పెట్టిన ఉష్ణోగ్రత పరికరంలో ఒక లెక్క, డిపో వోచరులో మరొకటి, పీహెచ్‌సీ స్టాకు రిజిస్టరులో ఇంకొకటి. అంతా బాగున్నప్పుడు వీటి మధ్య తేడాలు ఎవరికీ పట్టవు. ఒక బ్యాచ్ మీద అనుమానం వచ్చిన రోజున ప్రతి ఒక్కరూ తమ పుస్తకం తెరిచి తమ దగ్గర అంతా సవ్యంగానే ఉందని చూపిస్తారు. తప్పు ఎవరిదో తేలేలోగా ఆ టీకాలు పిల్లలకు వేసేస్తారు, లేదా మంచి సరుకు కూడా అనుమానంతో మూలనపడుతుంది.

అందరి దగ్గరా ఒకే ఖాతా

చిట్టీ కట్టే ఇరవై మందీ పాట ఎంతకు పోయిందో ఎవరి పుస్తకంలో వాళ్లు రాసుకుంటే, నడిపే మనిషి తన పుస్తకంలో అంకె దిద్దినా చెల్లదు. బ్లాక్‌చెయిన్ చేసేది అదే పని. తెలంగాణ రిజిస్ట్రేషన్ల శాఖ చిట్‌ఫండ్ల మీద నిఘాకు ఇదే పద్ధతిని వాడి టీ-చిట్స్ తెచ్చింది. దాన్ని తయారుచేసింది చిట్‌మాంక్స్ అనే హైదరాబాద్ సంస్థే.

సరుకు విషయంలో ఇది ఇలా నడుస్తుంది. పెట్టెకూ, వీలైతే సీసాకూ ఒక ప్రత్యేక సంఖ్య ఇస్తారు. పెట్టె చేయి మారేటప్పుడు ఇచ్చినవాడు, పుచ్చుకున్నవాడు ఇద్దరూ తమ డిజిటల్ సంతకం పెట్టాలి. ఒక్కరి మాట చాలదు. అలాంటి పద్దులు కొన్నింటిని ఒక కట్టగా కడతారు. ఆ కట్ట నుంచి గణితం ప్రకారం పొడవాటి అక్షరాల, అంకెల వరుస ఒకటి పుడుతుంది. దాని పేరు హ్యాష్. తర్వాతి కట్టలో ముందరి కట్ట హ్యాష్ కూడా చేరుతుంది. ఎవరైనా పాత పద్దులో 11 డిగ్రీలను 7గా దిద్దితే, ఆ కట్ట హ్యాష్ మారిపోయి తర్వాతివి ఒక్కటీ పొసగవు. మిగతావాళ్ల దగ్గరున్న ప్రతులతో పోల్చగానే దొంగ దొరుకుతాడు. 2008లో సతోషి నకమోటో పేరుతో వచ్చిన పత్రం ఈ ఏర్పాటును నాణేల కోసం వాడింది. సరుకుల ఖాతాకు నాణెం అక్కర్లేదు, కరెంటు తాగే మైనింగూ అక్కర్లేదు. లైనక్స్ ఫౌండేషన్ 2015లో మొదలుపెట్టిన హైపర్‌లెడ్జర్ లాంటి వాటిలో ముందే ఒప్పుకున్న సభ్యులు మాత్రమే రాయగలరు. ఉష్ణోగ్రత పరికరం నిమిష నిమిషానికీ పంపే అంకెలన్నీ ఖాతాలోకి ఎక్కించరు. అవి మామూలు డేటాబేసులో ఉంటాయి, వాటి హ్యాష్ మాత్రం ఖాతాలో ఉంటుంది.

హైదరాబాద్ దీన్ని గట్టిగా పట్టుకున్నది 2018లో. ఆ ఆగస్టులో ఇక్కడ అంతర్జాతీయ బ్లాక్‌చెయిన్ మహాసభ జరిగింది. దేశంలో మొదటి బ్లాక్‌చెయిన్ డిస్ట్రిక్ట్ ఇక్కడ వస్తుందని, అందుకు టెక్ మహీంద్రాతో ఒప్పందం చేసుకున్నామని తెలంగాణ ప్రభుత్వం ప్రకటించింది. సెప్టెంబరులో నీతి ఆయోగ్ నకిలీ మందుల బెడద మీద ప్రయోగానికి అపోలో ఆస్పత్రులు, ఒరాకిల్, స్ట్రైడ్స్ ఫార్మాలతో చేతులు కలిపింది. డిసెంబరులో యునిసెఫ్ ఇన్నోవేషన్ ఫండ్ 5 దేశాల్లోని 6 బ్లాక్‌చెయిన్ సంస్థలను ఎంచుకుని ఒక్కొక్కదానికి లక్ష డాలర్ల వరకు ఇస్తామంది. 50 దేశాల నుంచి వచ్చిన వందకు పైగా దరఖాస్తుల్లోంచి నెగ్గిన ఆ ఆరింటిలో మన దేశం నుంచి ఉన్నది ఒక్కటే. అది సిద్ చక్రవర్తి స్థాపించిన హైదరాబాద్ సంస్థ స్టాట్‌విగ్, పని టీకాల జాడ పట్టడం.

స్టాట్‌విగ్ తన వ్యవస్థకు వ్యాక్సిన్ లెడ్జర్ అని పేరు పెట్టింది. కంపెనీ నుంచి ఆరోగ్య కేంద్రం దాకా ప్రతి మజిలీలో కోడ్ స్కాన్ చేయడం, పెట్టె వెంట ఉష్ణోగ్రత నమోదు, గడువు తీరేవి, దారి తప్పినవి, నకిలీవి బయటపడటం దాని ఉద్దేశం. యునిసెఫ్ నిధికి ఒక షరతు ఉంది. రాసిన కోడ్ అందరికీ తెరిచి ఉంచాలి. డబ్బు కంటే ఈ షరతే గొప్పదని నా అభిప్రాయం. ఎందుకో తెలియాలంటే సముద్రం మీదికి వెళ్లాలి.

ఓడల మధ్య మునిగిన ఖాతా

ఓడల కంటే ముందు, ఈ రంగంలో అందరూ చెప్పుకునే విజయం ఒకటి ఉంది, అది మామిడిపండు ముక్కలది. అమెరికాలో వాల్‌మార్ట్ తన దుకాణంలోని మామిడి ముక్కలు ఏ తోటవో కనిపెట్టమంటే సిబ్బందికి దాదాపు 7 రోజులు పట్టింది. ఐబీఎంతో కలిసి బ్లాక్‌చెయిన్ పెట్టాక 2.2 సెకన్లలో తేలింది. ఇందులో మెచ్చుకోవాల్సినది ఉంది, గమనించాల్సినదీ ఉంది. అక్కడ వాల్‌మార్ట్ కొనుగోలుదారు. అది రాయమంటే సరఫరాదారు రాయక తప్పదు.

అదే ఐబీఎం, ఓడల దిగ్గజం మార్స్క్‌తో కలిసి 2018లో ట్రేడ్‌లెన్స్ తెచ్చింది. ప్రపంచంలోని కంటెయినర్ల కాగితాలన్నీ ఒకే వికేంద్రీకృత ఖాతాలోకి తేవాలన్నది ఆశయం. ఎంఎస్‌సీ, సీఎంఏ-సీజీఎం లాంటి పోటీ సంస్థలూ చేరతామన్నాయి. సాంకేతికత నడిచింది. అయినా 2022 నవంబరులో దాన్ని మూసేస్తున్నట్టు రెండు సంస్థలూ ప్రకటించాయి. ప్రపంచమంతటి పరిశ్రమ సహకారం కుదరలేదని చెప్పాయి. నాకు ఇందులో కనిపించేది ఇది: పోటీదారుడికి యాజమాన్యంలో పాలున్న ఖాతాలో తన గుట్టు రాయడానికి ఏ వ్యాపారికీ మనసు ఒప్పదు. వికేంద్రీకరణ కోడ్‌లో ఉంది, యాజమాన్యంలో లేదు. అందుకే తెరిచిన కోడ్, ఎవరి సొత్తూ కాని నిర్వహణ అనే షరతులు ఈ పనికి ప్రాణం. టీకాల విషయంలో యునిసెఫ్ లాంటి సంస్థో, ప్రభుత్వమో, తయారీదారులందరి ఉమ్మడి సంఘమో నడిపితే తప్ప ఆ ఖాతా నిలబడదు.

కొవిడ్ చెప్పిన సంగతి

2020 డిసెంబరు 9న 60కి పైగా దేశాల రాయబారులు జీనోమ్ వ్యాలీకి వచ్చి భారత్ బయోటెక్, బయలాజికల్-ఇ ప్లాంట్లను చూశారు. 2021 జనవరి 16న దేశంలో కొవిడ్ టీకాలు మొదలయ్యాయి. జూన్ 1 తెల్లవారుజామున శంషాబాద్‌లో 56.6 టన్నుల స్పుత్నిక్-వి దిగింది. దాన్ని మైనస్ 20 డిగ్రీల్లో నిల్వ ఉంచాలి. సెప్టెంబరు 11న వికారాబాద్‌లో డ్రోన్లు మందుల పెట్టెలు మోసి చూపించాయి. రవాణాలో మన నగరం సత్తా ఏమిటో ఆ ఏడాది తెలిసింది.

మరి లెక్కలు? దేశం భారమంతా మోసింది కేంద్రీకృత వ్యవస్థలే. ఐరాస అభివృద్ధి కార్యక్రమం తోడ్పాటుతో 2015లో మొదలైన ఈవిన్ నిల్వలనూ, ఫ్రిజ్జుల్లో పెట్టిన సిమ్ కార్డు సెన్సర్ల ద్వారా చలినీ కనిపెట్టింది. కోవిన్ మనుషులను లెక్కపెట్టింది. ఈవిన్ ఉండబట్టి చలి తప్పిన ఫ్రిజ్జు గురించి బాధ్యుడి ఫోనుకు హెచ్చరిక వెళ్తుంది. సామాన్యమైన, మంచి డేటాబేసు చేసే ఆ పనికి బ్లాక్‌చెయిన్ అక్కర్లేదు. ఒకే యజమాని కింద, రాష్ట్ర స్టోరు నుంచి పీహెచ్‌సీ దాకా నడిచే గొలుసులో వికేంద్రీకృత ఖాతా పెట్టడం ఖర్చు పెంచుకోవడమే. ఈ మాట ఆ సాఫ్ట్‌వేర్ అమ్మేవాళ్లకు నచ్చదు. కానీ దీన్ని నిజాయతీగా ఒప్పుకుంటేనే అది నిజంగా కావాల్సిన చోటు కనిపిస్తుంది.

ఆ చోటు యాజమాన్యం మారే గడప. హైదరాబాద్ కంపెనీ నుంచి విమాన సంస్థకు, అక్కడి నుంచి వేరే దేశపు కస్టమ్స్‌కు, అక్కడి ఆరోగ్య శాఖకు సరుకు వెళ్లేటప్పుడు ఒకరి డేటాబేసును ఇంకొకరు నమ్మాల్సిన పని లేదు, నమ్మరు కూడా. 2021 ఆగస్టులో ప్రపంచ ఆరోగ్య సంస్థ నకిలీ కొవిషీల్డ్ సీసాల గురించి హెచ్చరిక జారీ చేసింది. అవి దొరికింది భారత్, ఉగాండాలలో. రెండు ఖండాల మధ్య సరిహద్దులు దాటే సీసాకు ఏ ఒక్క దేశపు రిజిస్టరూ సరిపోదు.

రెండో గడప ఇంకా దగ్గర, మన వీధి చివరి మందుల షాపు. డిస్ట్రిబ్యూటరు, స్టాకిస్టు, హోల్‌సేలరు, రిటైలరు, ఎవరి లెక్క వాళ్లదే. కోఠి హోల్‌సేల్ దుకాణాల నుంచి మారుమూల మండలం దాకా ఒక స్ట్రిప్పు ఎన్ని మార్జిన్లు దాటుతుందో ఆ వ్యాపారంలో ఉన్నవాళ్లకు తెలుసు. 2024లో తెలంగాణ ఔషధ నియంత్రణ విభాగం పట్టుకున్న మందుల్లో, అసలు లేనే లేని కంపెనీ పేరుతో వచ్చిన, సుద్దపొడి, గంజిపొడి నింపిన మాత్రలున్నాయి. యాంటీబయాటిక్ అనుకుని సుద్ద మింగిన రోగి జ్వరం తగ్గక మరో మందు కొంటాడు. అది పనిచేయకపోతే అప్పు చేసి ఆస్పత్రిలో చేరతాడు. ఇక్కడ ఉన్నది ప్రాణానికి సంబంధించిన లెక్క.

ఖాతాకు తెలియనివి

అయితే ఎంత గట్టి ఖాతా అయినా రాసిందాన్నే కాపాడుతుంది. అబద్ధం రాస్తే అబద్ధాన్నే చెరగకుండా దాస్తుంది. ఇంజినీర్లు దీన్ని ఓరాకిల్ సమస్య అంటారు. పెట్టె మీది కోడ్ అసలుదే అయి, లోపలి సీసాలు మారిపోతే ఖాతాకు తెలియదు. సెన్సర్ పెట్టె మూత దగ్గర ఉండి, ఐస్‌ప్యాకును ఆనుకున్న అడుగు సీసా గడ్డకడితే ఖాతాలో 5 డిగ్రీలే ఉంటుంది. తెరిచిన సీసా సంగతి మరీ కష్టం. పెంటావలెంట్ లాంటి కొన్నింటిని తెరిచాక కూడా నియమాలు పాటిస్తే 28 రోజుల దాకా వాడొచ్చు. మీజిల్స్-రుబెల్లా, బీసీజీలను కలిపిన 4 గంటల్లో వాడాలి, లేదా పారేయాలి. తెరిచిన తేదీ, సమయం ఏఎన్ఎం పెన్నుతో లేబుల్ మీద రాస్తుంది. టీకా ప్రయాణమంతటిలో అతి ముఖ్యమైన పద్దు అదే. అది ఇప్పటికీ ఒక పెన్నుతోనే సాగుతోంది.

ఇక్కడే నాకు బాధ కలుగుతుంది. ఏఎన్ఎం చేతికి ఇప్పటికే ఎన్నో రిజిస్టర్లు, ఎన్నో యాప్‌లు వచ్చిపడ్డాయి. కొత్తగా వచ్చే ప్రతి ట్రాకింగ్ వ్యవస్థా చివరి భారం ఆమె మీదే వేస్తుంది. గర్భిణుల వివరాలు, పిల్లల వివరాలు, నిల్వల వివరాలు నింపాక, సిగ్నలు లేని తండాలో కోడ్ స్కాన్ కాలేదని మళ్లీ మళ్లీ ప్రయత్నించే టైము ఆమెకు ఎక్కడిది? బయట నలభై మంది తల్లులు పిల్లల్ని ఎత్తుకుని ఎదురుచూస్తుంటే ఎవరైనా ఏం చేస్తారు? ముందు టీకా వేసి, సాయంత్రం గుర్తున్నది రాస్తారు. అలా రాసిన అంకెకు గణితం ఎంత కాపలా కాసినా లాభమేమిటి? ఆమె రాయాల్సింది తగ్గించే వ్యవస్థే నిజం రాబడుతుంది. సెన్సరు దానంతట అది అంకె పంపాలి. సిగ్నలు లేనప్పుడు ఫోను దాచుకుని తర్వాత పంపాలి. ఆమెకు తిరిగి ఏదైనా దక్కాలి. ఫలానా సీసా ముందు వాడండి, ఫలానాది గడువు దగ్గరపడింది అని తెలుగులో చెబితే ఆమెకు అది పనిముట్టు అవుతుంది.

మిరప రైతు విషయంలోనూ ఇదే కనిపిస్తుంది. స్పైసెస్ బోర్డు, ఐరాస అభివృద్ధి కార్యక్రమం కలిసి ఆంధ్రప్రదేశ్‌లో 3 వేలకు పైగా మిరప, పసుపు రైతులతో బ్లాక్‌చెయిన్ జాడ ప్రయోగం తలపెట్టాయి. గుంటూరు మిర్చికి విదేశంలో పురుగుమందు అవశేషాల పేరుతో అడ్డంకి ఎదురవుతుంది. ఏ పొలంలో ఏ మందు ఎప్పుడు కొట్టారో ఖాతా చూపితే కొనుగోలుదారుకు నమ్మకం కలుగుతుంది. కానీ యార్డులో క్వింటాలుకు నాలుగు రూపాయలు ఎక్కువ పలికితేనే రైతు ఆ వివరాలు రాస్తాడు. రాసిన మనిషికి లాభం లేని ఖాతా ఏ పంటలోనూ నిలవదు.

అందుకే రాయదుర్గం, మాదాపూర్‌లలో ఈ పని మీద ఉన్న యువ ఇంజినీర్లకు ఒక విన్నపం. మీ కోడ్ దిట్టంగా ఉంటుందన్న నమ్మకం మాకుంది. దాన్ని రాసేముందు ఒక బుధవారం సెలవు పెట్టి, ఆరోగ్య శాఖ అనుమతి తీసుకుని, ఏ వికారాబాద్ వైపో ఒక పీహెచ్‌సీకి వెళ్లండి. ఐస్‌ప్యాకు చెమట పట్టేదాకా ఏఎన్ఎం పక్కన కూర్చోండి. ఆమె క్యారియర్ భుజాన వేసుకుని బయల్దేరితే వెంట నడవండి. సాయంత్రం ఆమె రిజిస్టరు నింపేటప్పుడు ఏ గడి దగ్గర ఆగుతుందో చూసి రండి. ఆరోగ్య శాఖ పెద్దలకూ ఒక మాట: ఇలాంటి యువకులు వచ్చి తలుపు తడితే తెరవండి. ఇంకో యాప్ ఇచ్చే ముందు పాత రిజిస్టరు ఒకటి తీసేయండి.

చదువరులు చేయగలిగింది కూడా ఉంది. 2023 ఆగస్టు 1 నుంచి దేశంలో ఎక్కువగా అమ్ముడయ్యే 300 రకాల మందుల బ్రాండ్ల మీద క్యూఆర్ కోడ్ తప్పనిసరి. తయారీదారు పేరు, బ్యాచ్ నంబరు, తయారీ, గడువు తేదీలు అందులో కనిపించాలి. ఈసారి మందు కొన్నప్పుడు ఫోనుతో ఆ కోడ్ స్కాన్ చేయండి. బ్యాచ్ నంబరు వేసిన బిల్లు అడిగి తీసుకోండి. రెండూ సరిపోలకపోతే ఆ స్ట్రిప్పు వాడకుండా మీ జిల్లా డ్రగ్ ఇన్‌స్పెక్టరుకు ఫిర్యాదు చేయండి.